మోకాలి లోతు నీళ్లలో బెలీజ్

బ్లూ హోల్ చూడకుండా మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి ఎలా తిరిగి వెళ్తాం అని మా బావ పట్టు. పైనుంచి తీసిన ఆ ఫోటో మీరందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. లేత నీలం సముద్రం మధ్యలో గుండ్రంగా ముదురు నీలం మచ్చ. దాదాపు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు. 1971లో సముద్ర పరిశోధకుడు జాక్ కూస్టో కాలిప్సో ఓడతో వచ్చి ఇందులో దిగినప్పటి నుంచి డైవింగ్ చేసేవాళ్లందరికీ ఇదొక మొక్కుబడి అయిపోయింది. లాడ్జి ప్యాకేజీలో అది కలిసిలేదు. పడవకి వేరే డబ్బు, ప్రవేశ రుసుము అదనం. వారం మొత్తంలో నాకు చిరాకు తెప్పించింది ఆ ఒక్క రోజే, కాబట్టి ముందు దాని సంగతి చెప్పేస్తాను.

మేమున్నది టర్నెఫ్ అటోల్, అంటే ఉంగరంలా చుట్టుకున్న పగడపు దిబ్బ. బ్లూ హోల్ ఉన్న లైట్‌హౌస్ రీఫ్ అక్కడికి తూర్పున ఉంటుంది. మధ్యలో లోతైన సముద్రం, గాలికి ఎదురు ప్రయాణం. గంటకు పైగా పడవ ఎగిరెగిరి పడుతుంటే కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చింది. చేరేసరికి అప్పటికే వేరే పడవలు వచ్చి ఉన్నాయి. దిగడం, గోడ వెంబడి 40 మీటర్లకు పోవడం, ఆ చూరు కింద వేలాడే రాతి స్తంభాలు చూడడం, ఎనిమిది నిమిషాలు కాగానే పైకి రావడం. అంతే కార్యక్రమం. ఆ స్తంభాలు మాత్రం గొప్పవే. మనిషి రెండు చేతులు చాపినా అందనంత లావు. మంచు యుగంలో సముద్రం చాలా కిందికి ఉన్నప్పుడు ఇది నీళ్లు లేని సున్నపురాయి గుహ. పైకప్పు నుంచి చుక్క చుక్కగా కారిన నీళ్లే వాటిని కట్టాయి. తర్వాత కప్పు కూలింది, సముద్రం లోపలికొచ్చింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే ఒళ్లు జలదరించింది.

అయితే ఆ స్తంభాలు తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ లోతులో పగడాలు లేవు, చేపలు లేవు, దూరంగా రెండు సొరచేపల నీడలు తప్ప. ఇంకా కిందికి, 90 మీటర్ల దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పొర ఉంది. దాని కింద ఆక్సిజన్ లేదు, చేపలేవీ బతకవు. మణికట్టు మీద కంప్యూటర్ కూత పెట్టగానే అందరం పైకి లేచాం. మిగతా రోజు హాఫ్ మూన్ కే అనే దీవి దగ్గర ఇంకో డైవ్, దీవి మీద భోజనం, చెట్ల మీద ఎర్రకాళ్ల బూబీ పక్షులు. అవి బాగానే ఉన్నాయి. లాడ్జికి తిరిగి వచ్చేసరికి మా గైడ్ ఒడ్డునే నిలబడి ఉన్నాడు. "మధ్యాహ్నానికి గాలి ఆగిపోయింది బాస్. ఎటు చూసినా తోకలే" అన్నాడు. నేను అప్పటి నుంచి రాత్రి భోజనం అయ్యేదాకా బావతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ తోకల కోసమే, నీళ్ల పైకి లేచే బోన్‌ఫిష్ అనే చేపల తోకల కోసమే, నేను అంత దూరం వెళ్లాను. హ్యూస్టన్ నుంచి బెలీజ్ సిటీకి విమానం, అక్కడి నుంచి గంటన్నర పడవ. బెలీజ్‌కి ఉన్న మూడు అటోల్స్‌లో టర్నెఫ్ అన్నిటికన్నా పెద్దది, పొడవు 50 కిలోమీటర్లకి కాస్త తక్కువ. చుట్టూ పగడపు దిబ్బలు, లోపల మడ అడవులు, వాటి మధ్య మైళ్ల కొద్దీ మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లనే ఫ్లాట్స్ అంటారు. మా అక్కకీ బావకీ డైవింగ్ పిచ్చి, నాకు ఫ్లై ఫిషింగ్ పిచ్చి. రెండూ ఒకే రేవు నుంచి మొదలయ్యే చోటు కావాలని వెతికితే దొరికింది ఇది.

చిన్నప్పుడు కాలవ గట్టు మీద గాలం వేసి, బెండు మునిగేదాకా కళ్లార్పకుండా కూర్చోవడమే నాకు తెలిసిన చేపల వేట. చేప ఎక్కడుందో తెలియదు, అసలు ఉందో లేదో తెలియదు, అదే వస్తుందని కూర్చోవడమే. ఫ్లాట్స్ మీద పద్ధతి వేరు. ముందు చేపని కళ్లతో చూడాలి. అది ఎటు పోతోందో చూసి, దాని దారిలో రెండు మూడడుగుల ముందు ఈకతోనూ బొచ్చుతోనూ కట్టిన ఫ్లైని చప్పుడు లేకుండా పడేయాలి. ఫ్లైకి బరువు ఉండదు. గాలిలో వెనక్కీ ముందుకీ ఊగుతూ దాన్ని మోసుకుపోయేది లైన్ బరువే. గాలి ఎదురుగా కొడుతుంటే అరవై అడుగులు వేయడానికి భుజం పడిపోతుంది.

బోన్‌ఫిష్‌ని చూడడం ఎంత కష్టమో మాటల్లో చెప్పడం కూడా కష్టమే. దాని పొలుసులు అద్దాల్లా ఉంటాయి. ఇసుక మీద ఉంటే ఇసుక రంగు, గడ్డి మీద ఉంటే గడ్డి రంగు. పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకపోతే ఇంట్లో కూర్చోవడం మేలు. మొదటి పూట గైడ్ "పది గంటలు, నలభై అడుగులు, పెద్ద గుంపు" అంటాడు. పడవ ముక్కు పన్నెండు గంటల దిక్కు, దాన్నిబట్టి ఎడమవైపు చూడాలి. నాకు నీళ్లు, ఇసుక, ఎండ. "చేపని వెతక్కు బాస్, దాని నీడని వెతుకు" అన్నాడు. తరవాతి పూటకి కళ్లు కొంచెం అలవాటు పడ్డాయి. గడ్డి మీద ఇసక మచ్చ ఒకటి కదిలింది. మచ్చలు కదలవు కదా. ఆ ఒక్క క్షణంలో ముప్పై నలభై నీడలు ఒకేసారి బయటపడ్డాయి, అవి ఎప్పటి నుంచో నా ముందే ఉన్నాయి.

పడవ దిగి నడిచాం. ఇసకలో ఒళ్లు దాచుకున్న స్టింగ్‌రే మీద అడుగు పడకుండా, కాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవాలి. పోటు అప్పుడే ఎక్కుతోంది. బోన్‌ఫిష్‌లు ఆ కొత్త నీళ్లతో పాటే పైకొస్తాయి, బురదలో దాక్కున్న పీతల కోసం, రొయ్యల కోసం. తల కిందికి పెట్టి అడుగుని తవ్వుతుంటే తోక నీళ్ల పైకి వస్తుంది. సూర్యుడు వాలిన వేళ అక్కడక్కడా ఆ తోకలు వెండి రేకుల్లా మెరుస్తుంటే చెయ్యి వణకని మనిషి ఉంటాడనుకోను. ఫ్లై పడింది. ఎడమచేత్తో లైన్‌ని చిన్నగా లాగాను, ఆపాను, మళ్లీ లాగాను. ఒక నీడ గుంపు నుంచి విడివడి దాని వెనకే వచ్చింది. ఈ వేటలో చేప అందుకోగానే రాడ్ పైకి ఎత్తకూడదు, ఎత్తితే ఫ్లై దాని నోట్లోంచి బయటికొచ్చేస్తుంది. చేత్తో లైన్‌ని గట్టిగా గుంజాలి. గుంజాను. తర్వాత జరిగింది చూడాలంటే ఎవరైనా వెళ్లి చూడవలసిందే. రెండు మూడు పౌన్ల చేప, ముప్పై మీటర్ల లైన్ మొత్తం లాక్కుపోయి, దాని వెనకున్న సన్నదారం కూడా సగం ఖాళీ చేసింది. రీల్ మోత ఆగడం లేదు. లోతులేని నీళ్లు కాబట్టి కిందికి పోయే దారి లేదు, దానికున్న దిక్కల్లా దూరమే.

దగ్గరికి తెచ్చాక గైడ్ నన్ను ఫోటో కోసం చేపని పైకెత్తనివ్వలేదు. నీళ్లలోనే తడిచేత్తో పట్టుకోమన్నాడు, ముల్లు లేని కొక్కెం కాబట్టి ఒక్క మెలికతో ఊడొచ్చింది. చుట్టూ మడ వేళ్ల దగ్గర బారకూడా అనే వేటచేపలు కాచుకుని ఉంటాయట, అలసిపోయిన చేపని వదిలిన మరుక్షణం రెండు ముక్కలు చేస్తాయట. అది దానంతట అది తోక ఊపి పోయేదాకా ఆయన కళ్లు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ ఈ మూడు రకాల చేపల్నీ బెలీజ్‌లో ఎవరు పట్టినా వదిలేయాలి, 2009 నుంచి అది చట్టం. మా గైడ్ తండ్రి వలలు వేసిన మనిషి. చేపల మొప్పలకు తగులుకునే గిల్ నెట్లు అనే వలల్ని 2020లో దేశమంతా నిషేధించారు. ఆ నిషేధం వచ్చాక ఫ్లాట్స్ మీద చేపలు పెరగడం తన కళ్లతో చూశానన్నాడు. నిషేధం గురించి ఆయన ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు, ఎక్కడెక్కడ వలలుండేవో ఆ మలుపులు మాత్రం ఒక్కొక్కటీ చూపించాడు.

పర్మిట్ సంగతి వేరే కథ. అది పళ్లెంలా వెడల్పాటి చేప, కొడవలిలా నల్లటి తోక. పీతలంటే ప్రాణం, అనుమానం దాని జబ్బు. గైడ్ వెనక మెట్టు మీద నిలబడి గడకర్రతో పడవని నెడుతున్నాడు. సడెన్‌గా గడ ఆగింది. "పదకొండు. అరవై అడుగులు. కదలకు." పీత ఫ్లై వేశాను, బాగానే పడింది. పర్మిట్ తిరిగింది, వేగంగా వచ్చింది, ఫ్లై మీద వంగి తోక గాలిలోకి లేపింది. నేను ఊపిరి ఆపేశాను, వెనక ఆయనా ఆపేశాడు. అది ఫ్లైని అలా చూస్తూనే ఉంది. ఆ తర్వాత ఏ తొందరా లేకుండా పక్కకి తిరిగి వెళ్లిపోయింది. లైన్‌లోనో ఫ్లైలోనో తప్పేముంది అని అడిగాను. "ఏమీ లేదు, అది పర్మిట్" అన్నాడు. వారమంతా ఒక్కటీ నా ఫ్లై ముట్టలేదు. అయినా ఆ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆ కొన్ని సెకన్లే.

ఇంకో రోజు పొద్దున్నే అక్కా బావలతో పాటు ఎల్బో దగ్గర డైవ్‌కి వెళ్లాను. టర్నెఫ్ దక్షిణపు కొస అది, ప్రవాహాలు కలిసేచోటు, కాబట్టి చేపలు కూడా అక్కడే చేరతాయి. గోడ అంచు దాటి నీలంలో వేలాడుతుంటే గుర్రపుకంటి జాక్ చేపల గుంపు మమ్మల్ని చుట్టేసింది. దాని వెనకాల ఏవో వెడల్పాటి వెండి చేపలు, నల్ల కొడవలి తోకలు. పర్మిట్‌లు! ఒకటీ రెండూ కాదు, ఒక గుంపు. పైన మోకాలి లోతులో నీడ పడితే పారిపోయేవి, ఇక్కడ నా బుడగల మోతకి కూడా జంకకుండా పక్క నుంచి పోతున్నాయి. పర్మిట్‌లు గుడ్లు పెట్టేది దిబ్బల అంచున, తిండికి వచ్చేది ఫ్లాట్స్ మీదికి. దిబ్బ మీద ఇంద్రధనుస్సు రంగుల ప్యారట్ ఫిష్ పెద్దవి కనిపించాయి, వాటి పిల్లలు పెరిగేది మడ వేళ్ల మధ్యే. ఆ మడలు నరికేస్తే ఆ దిబ్బ మీద ఆ చేప ఉండదు. డైవ్ చేసేవాళ్లు మడ అడవిని దోమల చోటుగా చూస్తారు. దోమలు ఉన్నాయి, ఇసుక ఈగలు అంతకన్నా ఎక్కువ, సాయంత్రం రేవు మీద కూర్చోలేం. వాళ్లు చూడడానికి వచ్చిన చేపలు పెరిగేది మాత్రం అక్కడే.

ఇక్కడే నాకు ఒక అభ్యంతరం ఉంది. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టిన బెలీజ్ దిబ్బల ఏడు ముక్కల్లో బ్లూ హోల్ ఉంది, హాఫ్ మూన్ కే ఉంది, టర్నెఫ్ లేదు. దానికి మెరైన్ రిజర్వ్ హోదా వచ్చింది 2012లో మాత్రమే. ఫోటోలో బాగుండేవాటికి ముందు పేరొస్తుంది, మడా బురదా గడ్డీ ఉన్నవాటికి ఆలస్యంగా వస్తుంది. 2009లో ఆ మొత్తం వారసత్వాన్ని ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు. చమురు తవ్వకాలు ఆపుతూ చట్టం చేసి, మడలకు రక్షణ పెంచాక 2018లో తీసేశారు.

చివరి రోజు బావకి డైవ్ లేదు. డైవింగ్ అయ్యాక కనీసం 18 గంటలు గడిస్తే గానీ విమానం ఎక్కకూడదు. ఖాళీగా ఉండలేక నాతో పడవ ఎక్కాడు. ఆయన రాడ్ ముట్టుకోలేదు. ముందు మెట్టు మీద నిలబడి గంటసేపు నీళ్లలోకి చూస్తూ "ఎక్కడ, ఎక్కడ?" అంటూనే ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా మాట ఆగిపోయింది, చెయ్యి చాపి చూపించాడు. గైడ్ కంటే ముందు చూశాడు. ఆ గుంపు వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యి అలాగే ఉంది. "మీరిద్దరూ ఇన్నాళ్లూ ఇవే చూస్తున్నారా?" అని అడిగాడు.

ఇక ఖర్చు. తక్కువేమీ కాదు, ముందే చెప్తున్నాను. లాడ్జి ధర చెప్పేది అమెరికన్ డాలర్లలో, ఊళ్లో చెప్పేది బెలీజ్ డాలర్లలో. ఒక అమెరికన్ డాలర్‌కి రెండు బెలీజ్ డాలర్లు, అది మారదు. ఏ డాలరో అడక్కుండా దేనికీ ఒప్పుకోవద్దు. చెప్పిన ధర మీద హోటల్ పన్ను, రిజర్వ్ రుసుము, చేపల లైసెన్సు వేరు. ఫ్లైలు లాడ్జిలో కొంటే బయటికి రెట్టింపు, ఇంటి నుంచే తీసుకెళ్లండి. గాలి ఉన్న రోజులకి తొమ్మిదో నంబర్ రాడ్ ఒకటి అదనంగా ఉండాలి. గైడ్‌కి ఇచ్చే టిప్పు బిల్లులో కలపరు, చివరి రోజు కవర్లో పెట్టి చేతికివ్వాలి. మిగతా ప్రతి అదనపు డాలర్ దగ్గరా నేను సణిగాను గానీ ఆ కవర్ దగ్గర కాదు, ఎందుకంటే వారమంతా నేను చూసిందల్లా ఆయన కళ్లతోనే. దీవిలో ఏటీఎం ఉండదు కాబట్టి ఆ నోట్లు బయల్దేరేటప్పుడే విడిగా తీసి పెట్టుకోండి.