పాప ఆస్తమా, స్కూల్ అటెండెన్స్, మధ్యలో మేము

మా పాపకి ఆస్తమా ఉంది, మూడో క్లాస్ చదువుతోంది. ఆస్తమా అనగానే పిల్ల ఎప్పుడూ నీరసంగా మూల కూర్చుంటుందనుకుంటారు చాలామంది, అలా ఏం ఉండదు, మామూలు రోజుల్లో ఇల్లు పీకి పందిరేస్తుంది. కానీ జలుబు చేసిందంటే మాత్రం అది ముక్కు దగ్గర ఆగదు, ఒకట్రెండు రోజుల్లో ఛాతీలోకి దిగిపోతుంది, ఇక పిల్లికూతలు, ఆయాసం, రాత్రంతా దగ్గు. చిన్నపిల్లలకి ఏడాదిలో 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే అంటారు డాక్టర్లు. వేరే పిల్లలు ముక్కు తుడుచుకుంటూ స్కూల్‌కి వెళ్లిపోయే జలుబే మా పాపకి రెండు మూడు రోజుల సెలవు అవుతుంది, ఒక్కోసారి వారం కూడా పడుతుంది. అలా పోగుపడ్డ సెలవులే మాకూ స్కూల్‌కీ మధ్య పెద్ద పంచాయితీ అయి కూర్చున్నాయి.

మొదట డైరీలో ఎర్ర ఇంకుతో "అటెండెన్స్ తక్కువగా ఉంది, పేరెంట్ వచ్చి కలవాలి" అని రాసి పంపారు. తర్వాత స్కూల్ యాప్‌లో "మీ వార్డ్ ఈరోజు ఆబ్సెంట్, కారణం తెలపండి" అని మెసేజ్‌లు. కారణం పొద్దున్నే ఫోన్ చేసి ఆఫీసులో చెప్పే ఉంటాను, అయినా అది ఆటోమేటిక్‌గా వస్తుంది, పాప మూతికి నెబులైజర్ మాస్క్ పట్టుకుని కూర్చున్నప్పుడు ఫోన్ టింగ్‌మంటుంది, అది చూసి పాప "అమ్మా, టీచర్ కోప్పడుతున్నారా" అని మాస్క్ లోంచే అడుగుతుంది. ఊపిరి ఆడక అవస్థ పడుతున్న పిల్ల టీచర్ కోపం గురించి భయపడాల్సి రావడం నాకు అస్సలు నచ్చలేదు, ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

స్కూల్ వాళ్లకి అర్థం కానిది ఏంటంటే ఈ జబ్బు టైమింగ్. ఆస్తమా ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ముదురుతుంది. సాయంత్రం ఆడుకుంటూ ఇంటికొచ్చిన పిల్ల అర్ధరాత్రి లేచి కూర్చుని డొక్కలెగరేస్తూ దగ్గుతుంది, ఇన్‌హేలర్ ఇచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, అది సర్దుకుని కన్ను మూసేసరికి నాలుగు దాటుతుంది. ఏడింటికి బస్సు. లేపితే లేస్తుంది కానీ కూర్చున్నచోటే తూలిపోతుంది. అదే పిల్ల పదకొండింటికి నిద్రలేచి పళ్లు తోముకుని బొమ్మలు వేసుకుంటుంటే చూసినవాళ్లకి ఏ జబ్బూ కనపడదు. క్లాస్ టీచర్ కూడా అదే అన్నారు, "నిన్న బాగానే ఉంది కదా మేడమ్, ఇవాళ కూడా బాగానే ఉంది, మరి మధ్యలో ఏమైంది?" అని. ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. ఎందుకంటే ఆవిడ చూసేది పగలు మాత్రమే, మేము చూసేది రాత్రి.

పోనీ జ్వరమైతే లెక్క తేలిగ్గా ఉంటుంది, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతే పంపొచ్చు. వాంతులు విరేచనాలైతే ఆగిన తర్వాత 48 గంటలు చూడాలి, ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఇంట్లోనే. వీటన్నిటికీ ఒక గీత ఉంది. ఆస్తమాకి అలాంటి గీత లేదు, ఎప్పటికప్పుడు పిల్లని చూసి నిర్ణయించుకోవాలి, పైగా జలుబు తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు లాగుతుంది. ఆ దగ్గుతో పంపితే క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో "దగ్గుతున్న పిల్లల్ని దయచేసి పంపకండి" అని ఎవరో ఒకరు పెడతారు. ఆస్తమా ఎవరికీ అంటుకోదండీ, అది ఊపిరి గొట్టాల లోపల వాపు వల్ల వచ్చేది, పక్కన కూర్చున్న పిల్లకి రాదు. పంపితే ఒక మాట, పంపకపోతే ఇంకో మాట పడాల్సి వచ్చింది.

ఇక మెడికల్ సర్టిఫికెట్ గొడవ. ఒక్కరోజు రాకపోయినా సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇందులో ఉన్న తిరకాసు చెప్తాను. ఆయాసం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో డాక్టర్ మాకు ముందే కాగితం మీద రాసిచ్చారు, ఏ రంగు ఇన్‌హేలర్ ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు చూడాలి, ఎప్పుడు హాస్పిటల్‌కి పరిగెత్తాలి అని. యాక్షన్ ప్లాన్ అంటారు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గడులుంటాయి. పసుపు గడిలో ఉన్నంతవరకు ఇంట్లోనే చూసుకోవచ్చు, ఆ ప్లాన్ ఇచ్చేదే అందుకు. అలాంటప్పుడు కేవలం ఒక కాగితం కోసం రాత్రంతా నిద్రలేని పిల్లని తీసుకెళ్లి, రకరకాల వైరస్‌లతో వచ్చిన పిల్లల మధ్య ఓపీ లైన్లో కూర్చోబెట్టడం అంటే ఇంకో జలుబుని చేతులారా తెచ్చుకోవడమే. డాక్టర్ గారు కూడా విసుక్కున్నారు, పిల్ల మీద కాదులెండి, ఆ రూల్ మీద.

ఆయనే దారి చూపించారు. రోజుకో సర్టిఫికెట్ కాకుండా విద్యా సంవత్సరం మొత్తానికి ఒకే లెటర్ రాసిచ్చారు. అందులో జబ్బు పేరు, ఇది దీర్ఘకాలికం, ముందు చెప్పి రాదు, అప్పుడప్పుడు ఒకట్రెండు రోజులు రాలేకపోవడం, రాత్రి నిద్ర లేక ఆలస్యంగా రావడం ఉంటాయి, ఒక హద్దు దాటి వరసగా రాకపోతే నేను చూసి మళ్లీ రాసిస్తాను అని స్పష్టంగా ఉంది. కింద స్కూల్లో ఆయాసం వస్తే చెయ్యాల్సినవి. మీ పిల్లలకి ఇలాంటిదే ఏదైనా ఉంటే, ఆస్తమానే కానక్కర్లేదు, ఫిట్స్, షుగర్, మైగ్రేన్ ఏదైనా సరే, ముందు ఈ ఒక్క లెటర్ సంపాదించండి. ఎందుకంటే స్కూల్ వాళ్లు ప్రతి సెలవుని విడివిడిగా చూస్తారు, ఒక్కోదానికి ఒక్కో సాకు చెప్తున్నట్టు అనిపిస్తుంది వాళ్లకి. ఇవన్నీ ఒకే జబ్బు తాలూకు సెలవులని కాగితం మీద కనపడితే మాట తీరే మారిపోతుంది.

దాంతో పాటు నేను ఇంకో పని చేశాను, స్కూల్ ఆఫీసులో పాప అటెండెన్స్ ప్రింటవుట్ అడిగి తీసుకున్నాను. వాళ్లకి కొంచెం వింతగా అనిపించింది, పోట్లాటకి సాక్ష్యం తీసుకెళ్తున్నాననుకున్నారేమో. నేను దాన్ని తీసుకెళ్లింది డాక్టర్ దగ్గరికి. ఇంట్లో నోట్‌బుక్‌లో రాత్రి దగ్గు, ఇన్‌హేలర్ వాడిన రోజులు రాసుకుంటాను, ఆ తారీఖులు, ఈ ఆబ్సెంట్‌లు పక్కపక్కన పెట్టి చూసేసరికి విషయం బయటపడింది. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే పీల్చే రిలీవర్ ఇన్‌హేలర్ వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతోందన్నా, రాత్రిళ్లు దగ్గుతో లేస్తోందన్నా ఆస్తమా అదుపులో లేదని అర్థం. మా పాపకి రెండూ ఉన్నాయి. డాక్టర్ చూసి, ఆయాసం రాకుండా రోజూ వాడే ప్రివెంటర్ ఇన్‌హేలర్ డోస్ మార్చారు, పీల్చే పద్ధతి మళ్లీ మొదట్నుంచి చూపించారు. అంటే ఆ రిజిస్టర్‌లో ఉన్న ఆబ్సెంట్‌లు పిల్ల బద్ధకం గురించో మా నిర్లక్ష్యం గురించో చెప్పట్లేదు, జబ్బు ఎంత ముదిరిందో చెప్తున్నాయి, కానీ దాన్ని ఆ కంటితో చూసినవాళ్లు స్కూల్లో ఎవరూ లేరు. నేను ప్రిన్సిపాల్ గారితో గట్టిగా చెప్పిన మాట ఇదే. సెలవులు పెరుగుతుంటే ఎర్ర ఇంకుతో రాయకండి, ఫోన్ చేసి "ఈ నెల ఎక్కువ పోతున్నాయి, డాక్టర్‌కి చూపించారా" అని అడగండి, మాకు అది నిజంగా ఉపయోగం అని.

మీటింగ్‌లో క్లాస్ టీచర్, ప్రిన్సిపాల్, పీఈటీ సార్ ముగ్గురూ కూర్చున్నారు, మా ఆయన కూడా లీవ్ పెట్టి వచ్చారు. వాళ్ల ఇబ్బందులు కూడా ఉన్నాయి, కాదనను. క్లాసులో అంతమంది పిల్లలు, ఒకరికి మినహాయింపు ఇస్తే పదిమంది అడుగుతారు. కానీ పిల్లల్లో ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక జబ్బు ఆస్తమానే అని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్తోంది, 2019లో ప్రపంచం మొత్తం మీద పెద్దలు పిల్లలు కలిపి 26 కోట్ల పైచిలుకు మందికి ఉందని అంచనా. అందుకే మా పాప ఒక్కత్తి కోసం కాదు, ఈ స్కూల్లోనే ఇంకొంతమంది ఉంటారు, అందరికీ కలిపి ఒక పద్ధతి పెట్టండి అన్నాను. ఆ మాట ప్రిన్సిపాల్ గారికి పట్టింది.

ఆరోజే ఇంకో సంగతి తెలిసి నా గుండె జారిపోయింది. పాప ఇన్‌హేలర్ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారట, మందులు పిల్లల చేతికి అందకూడదని రూల్. తాళం క్లర్క్ దగ్గర, క్లర్క్ లంచ్‌కి వెళ్తే తాళమూ వెళ్తుంది. పాప క్లాస్ రెండో అంతస్తులో. ఆయాసంతో ఉన్న పిల్ల మెట్లు దిగి రావాలన్నమాట. రిలీవర్ అనేది నిమిషాల్లో అందాల్సిన మందు, అందుకే దాని గురించి మాత్రం నేను అక్కడినుంచి కదల్లేదు. ఇప్పుడు ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టంలాంటి స్పేసర్ ఒక చిన్న జిప్ పౌచ్‌లో పేరు, ఎక్స్‌పైరీ తేదీ రాసి టీచర్ టేబుల్ సొరుగులో ఉంటాయి, గేమ్స్ పీరియడ్‌కి పౌచ్ కూడా గ్రౌండ్‌కి వెళ్తుంది.

పీఈటీ సార్‌కి ఎలా వాడాలో పాపే చూపించింది. ముందు బాగా షేక్ చెయ్యాలి సార్, ఇలా స్పేసర్‌కి తగిలించాలి, ఒక్కసారే నొక్కాలి, తర్వాత మామూలుగా ఐదారు సార్లు ఊపిరి పీల్చి వదలాలి, ఇంకో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి మళ్లీ షేక్ చెయ్యాలి అని వేలు పెట్టి మరీ చెప్పింది. ఆయన రెండు పఫ్‌లు కలిపి నొక్కేయొచ్చు కదా అంటే "కాదు సార్, అలా చేస్తే మందు సరిగ్గా లోపలికి వెళ్లదు" అంది. ఆయన మళ్లీ మొదటినుంచి చేసి చూపించారు, శ్రద్ధగా. ఆటలు మానిపించనక్కర్లేదు, ముందు కాసేపు వార్మప్ చేయించండి, దగ్గు మొదలైతే ఆపి కూర్చోబెట్టండి అని డాక్టర్ లెటర్‌లో ఉంది, అదే చేస్తున్నారు.

చదువు విషయం చెప్పాలంటే, మొదట్లో పక్కపిల్లల అమ్మల్ని బతిమాలి నోట్స్ ఫొటోలు తెప్పించుకునేదాన్ని. ఇప్పుడు టీచరే సాయంత్రం ముఖ్యమైనవి రెండు పేజీలు పంపుతున్నారు, మిగతాది వచ్చాక చూద్దాం అంటున్నారు. మిస్సయిన టెస్ట్ వచ్చిన రోజే పెట్టకుండా రెండు రోజులు ఆగి పెడుతున్నారు. ఇంత చిన్న సర్దుబాటుకే పాప స్కూల్‌కి తిరిగి వెళ్లే రోజు పొద్దున కడుపునొప్పి అనడం మానేసింది.

అన్నీ ఒప్పుకున్నారని కాదు. అటెండెన్స్ పర్సెంటేజీ మార్చం, రిజిస్టర్ రిజిస్టరే అన్నారు, కాకపోతే ఆబ్సెంట్ పక్కన మెడికల్ అని రాస్తామన్నారు, రాస్తున్నారు. హండ్రెడ్ పర్సెంట్ అటెండెన్స్‌కి అసెంబ్లీలో పిలిచి సర్టిఫికెట్, మెడల్ ఇవ్వడం మానమని అడిగాను, దానికి మాత్రం ఒప్పుకోలేదు. జబ్బు పడకపోవడం పిల్లల గొప్పతనం కాదు, జబ్బు పడటం తప్పూ కాదు, పైగా ఆ మెడల్ కోసం జ్వరంతో కూడా వచ్చేసి మిగతావాళ్లకి అంటించే పిల్లలున్నారు. దీని మీద ఇంకో ఇద్దరు పేరెంట్స్‌తో కలిసి లెటర్ ఇచ్చాం, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెప్తామన్నారు, ఇంకా ఏం చెప్పలేదు, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మళ్లీ అడుగుతాం.

ఈలోపు నాలుగో క్లాస్ వచ్చేస్తోంది. టీచర్ మారతారు, గది మారుతుంది, కొత్తావిడకి ఇదంతా తెలియదు. ప్రివెంటర్ డోస్ మారింది కాబట్టి పాత లెటర్ జిరాక్స్ పనికిరాదు, డాక్టర్ దగ్గర కొత్తది తీసుకోవాలి, సొరుగులో ఉన్న ఇన్‌హేలర్ ఎక్స్‌పైరీ కూడా దగ్గరపడింది, అదీ మార్చాలి. స్కూల్ తెరిచే ముందురోజే వెళ్లి కొత్త టీచర్‌కి పౌచ్ చేతికిస్తానని ఆఫీసులో ఇప్పుడే చెప్పి వచ్చాను.