పాలు చాలడం లేదన్నారు: పాపతో ఇంట్లో మొదటి వారం

ఇవాళ పాపకి పన్నెండో రోజు. నిన్న పురుడు స్నానం అయింది, ఇంట్లో ఇంకా సాంబ్రాణి వాసన పోలేదు. ఇంకో నెల ఆగితే కోపం చల్లారిపోయి, అంతా బాగానే జరిగిందని రాసేస్తానేమో. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. ఆపరేషన్ అయింది, నాలుగో రోజు ఇంటికి పంపారు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా అక్కడే వేసేశారు. పుట్టినట్టు నమోదు 21 రోజుల్లోపు చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. పేరు పెట్టలేదని ఆగనూ అక్కర్లేదు, ఏడాదిలోపు చేర్పించుకోవచ్చు. ఆ కాగితాలన్నీ మా ఆయన చూసుకున్నారు. రాత్రి నిద్ర ఉండదని అందరూ తెగ భయపెట్టారు గానీ, పరీక్ష పేపర్లు దిద్దే ఉద్యోగం నాది, అది కొత్తేం కాదు.

మే నెల గుంటూరు ఎండ. బ్రాడీపేటలో పుట్టింటి వెనక గది. బాలింతకి గాలి తగలకూడదని అమ్మమ్మ కిటికీలు బిగించి, నా చెవుల్లో దూది కుక్కి, ఫ్యాను ఆపేసింది. పాపేమో మూడు గుడ్డల్లో చుట్టిన పొట్లం. నీళ్ళు కూడా గ్లాసు లెక్కన ఇచ్చేది, ఎక్కువ తాగితే పొట్ట వస్తుందట. పాలిచ్చే మనిషికి మే నెలలో నీళ్ళు లెక్కపెట్టడం ఏమిటని అడిగితే, "మీ అమ్మని నేనట్టానే పెంచా" అంది. దానికి జవాబు లేదు. మా ఆయన బాత్రూం కిటికీలో ఒక బాటిల్ దాచిపెట్టేవారు.

ఇక పాల సంగతి. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ముర్రుపాలలో ఏ యాంటీబాడీ ఎక్కువో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ పాపని రొమ్ముకి ఎలా పట్టించాలో నాకు తెలీదు. ఆసుపత్రిలో నాలుగు రోజుల్లో ఒక్కరూ కూర్చుని చూపించలేదు. రెండో రాత్రి పాప ఏడుస్తుంటే నర్సు వచ్చి, "పాలు పడలేదమ్మా" అని చిన్న కాగితం ముక్క మీద ఒక పాలపొడి పేరు రాసి మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన రాత్రి పదకొండింటికి కొత్తపేట మందుల షాపులన్నీ తిరిగి తెచ్చారు. ఇలా పాలపొడికి ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. బిడ్డకి తల్లిపాలే మంచివని ఆ డబ్బా మీద కూడా అచ్చు వేసి ఉంటుంది. చదువుకునే తీరిక ఎవరికుంది?

ఇంటికొచ్చాక ఆ ఒక్క మాటే అందరి నోటా. ఎదురింటి ఆంటీ గుమ్మంలోనే అడిగేది, "పాలు చాలుతున్నాయా?" అని. నిజాంపట్నం నుంచి మా పెదనాన్న పాలసొర చేప పంపారు. మెంతులు, వెల్లుల్లి కారం, బొప్పాయికాయ కూర, మునగాకు, మూడు పూటలా అవే. పాప అరగంట చీకేది, నిద్రపోయేది, పది నిమిషాల్లో మళ్ళీ లేచి ఏడ్చేది. నాకు రక్తం వచ్చేంత నొప్పి. మొదటి బిడ్డకి అంతేనన్నారు. నిజమే కాబోలనుకున్నాను.

ఆరో రోజు పాప కళ్ళు పచ్చగా కనిపిస్తే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పుట్టినప్పుడు 2.9 కిలోలు. ఆ రోజు కాటా 2.55 చూపించింది. మొదటి వారంలో కాస్త తగ్గడం మామూలే, కానీ పదో వంతు దాటితే ఆలోచించాలట. మాది దాటింది. డాక్టరు గారు తలుపు తీసి ఉండగానే, బయట ఇరవై మంది వింటుండగా, "ఏమ్మా, పాపతో ఉపవాసాలు చేయిస్తున్నావా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. బయట ఎవరో కూడా నవ్వారు. కుట్లు నొప్పి, జాకెట్టు తడి, కళ్ళలో నీళ్ళు. మా ఆయన ఫైలు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ విషయంలో మా ఆయన్ని ఇంకా క్షమించలేదు.

రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే కామెర్ల లెక్క, 13. లైటు కింద పెట్టక్కర్లేదు, పాలు బాగా తాగిస్తే తగ్గుతుందన్నారు. ఎలా తాగించాలని అడిగితే, "పట్టండమ్మా, రెండు గంటలకోసారి" అని, తర్వాతి పేషెంటుని పిలిచారు. ఆ రాత్రి రెండుసార్లు డబ్బా పాలు పట్టాను. అందులో తప్పేమీ లేదు, బిడ్డ ఆకలి ముందు. కానీ ఆ రాత్రంతా పాపకంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

ఏడో రోజు పొద్దున్నే మా వార్డు ఆశా కార్యకర్త వచ్చారు. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, అలా 42వ రోజు దాకా ఇంటికి రావాలట వాళ్ళు. నిజం చెప్పాలంటే, ఆమె సంచీ, వేలాడదీసే కాటా చూసి "ఈమె నాకేం చెబుతుంది?" అనుకున్నాను. ఎమ్మెస్సీ పొగరు. ఆవిడ ఏమీ అడక్కుండా ముందు ఫ్యాను వేశారు, పాప మీది గుడ్డలు రెండు తీసేశారు. అమ్మమ్మ నోరు మెదపలేదు!

"ఒకసారి పట్టమ్మా, చూస్తాను" అన్నారు. చూసి, "పాలకేం లోటు లేదు. నువ్వు మొన మాత్రమే నోట్లో పెడుతున్నావు" అన్నారు. కుట్లు నొక్కుకోకుండా దిండు వేసి, పాపని చంకలో బిందె పెట్టుకున్నట్టు పట్టుకోమన్నారు. పాప నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన చుట్టూ నల్లగా ఉండే భాగం కూడా లోపలికి వెళ్ళేలా దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, బుగ్గలు గుంటలు పడకూడదు. మూడోసారికి కుదిరింది. నొప్పి లేదు! గుటక శబ్దం అప్పుడే మొదటిసారి విన్నాను. ఏడు రోజులు, ఇంతమంది పెద్దలు, ఇద్దరు డాక్టర్లు. ఈ పని పది నిమిషాలు పట్టింది.

పగలు డైపరు వేయొద్దని కూడా ఆవిడే చెప్పారు. గుడ్డలైతే ఎన్నిసార్లు తడిపిందో లెక్క తెలుస్తుంది. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా తడిపితే పాలు అందుతున్నట్టే. నిన్న తొమ్మిది గుడ్డలు ఆరేశాం, ఎదురింటి ఆంటీకి కనిపించేలా ముందు వరండాలోనే. నిన్న కాటా మీద 2.68.

మీరెవరైనా కాన్పుకి సిద్ధమవుతుంటే, ఉయ్యాల, జుబ్బాలు కొనడం తర్వాత. ఆసుపత్రి ఎంచుకునేటప్పుడే పాలు పట్టడం పక్కన కూర్చుని చూపిస్తారా అని అడగండి. బిల్లులో ఎన్నో రాస్తారు, అది మాత్రం ఉండదు. మీ వార్డు ఆశా నంబరు ముందే తీసుకోండి.

ఆవిడ ఎల్లుండి మళ్ళీ వస్తారు. అడగాల్సినవి ఫోన్లో రాసి పెట్టుకున్నాను: వెక్కిళ్ళు ఎందుకు వస్తున్నాయి, బొడ్డు ఊడాక పొడి వేయొచ్చా, రాత్రుళ్ళు రెండు గంటలకోసారి లేపాలా అక్కర్లేదా. నాలుగోది మా అమ్మమ్మ చేర్పించింది: బాలింత ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగొచ్చు?