సంతకాలు తొందరగా పెట్టే ఊరు

పోయిన వారం ఒక స్కాలర్ ఫోన్ చేశాడు. తమ్ముడి వరస, మాట మంచిది, సినాప్సిస్ కూడా కష్టపడి రాసుకున్నాడు. "అక్కా, తాడ్వాయి సైడు కోయ ఊళ్లల్ల మూడు వందల శాంపుల్ కావాలె, కన్సెంట్ ఫారాల మీద జల్ది సంతకాలు పెట్టే ఊరేదన్న ఉంటే చెప్పు" అన్నాడు. కన్సెంట్ ఫారం అంటే పరిశోధకులతో మాట్లాడటానికి ఒప్పుకున్నామని ఊళ్లోవాళ్లు సంతకం పెట్టే కాగితం. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. పన్నెండేళ్ల కింద అచ్చం ఇదే మాట నేను ఒక సీనియర్‌ను అడిగాను, ఆయన ఒక ఊరు చెప్పాడు, నేను బస్సెక్కాను. ఫోన్లో తమ్ముడికి సగం చెప్పాను. మిగతా సగం ఇది.

నా పీహెచ్‌డీ అడవి నుంచి ఆడవాళ్లకు వచ్చే సంపాదన మీద. మే నెలలో ఫీల్డుకు పోయాను, నాకు సెలవులు అప్పుడే గనుక. మే అంటే అక్కడ తునికాకు (బీడీలు చుట్టే ఆకు) సీజన్ అని తెలుసు. తెలిసే పోయాను, అందరూ ఒక్కచోట దొరుకుతారు కదా అని లెక్క వేసుకున్నాను. హన్మకొండ బస్టాండులో ఏటూరునాగారం బస్సు, ములుగు రాకముందు గట్టమ్మ దగ్గర అందరితో పాటు దండం, పస్రాలో దిగి ఆటో. ఊరి పేరు రాయను, ఎందుకో తర్వాత చెప్తా.

తునికాకు పని చూడనివాళ్లకు ఒక ముక్క. చీకటితోనే అడవికి పోతారు, ఎండ ముదిరేలోపు మూటలతో తిరిగొస్తారు. అన్నం తిన్నామనిపించి నీడకు కూర్చుని కట్టలు కడతారు. కట్టకు యాభై ఆకులు, నారతో ముడి. సాయంత్రం ఆకు కొనే కల్లానికి పోసి వస్తారు, అక్కడి కల్లేదారు లెక్క రాసుకుంటాడు, డబ్బులు వంద కట్టల లెక్కన. ఆకు వాడిపోకముందే కట్టాలి కాబట్టి ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చేతులు ఆడిస్తూనే ఉంటారు, పిల్లలతో సహా.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నేను నూటపన్నెండు ప్రశ్నల కాగితాల బొత్తి పట్టుకుని ఒక అవ్వ ముందు కూర్చున్నాను. ఆమె ఇంటి ముందు చింతచెట్టు, కింద తడిగోనె, దాని మీద ఆకుల కుప్ప. నేను అడుగుతుంటే ఆమె చెప్తూనే కడుతోంది, కట్ట వైపు చూడను కూడా చూడదు, బొటనవేలే లెక్క పెడుతున్నట్టుంది. ఇంట్లో ఎంతమంది, మేకలెన్ని, ఇప్పపువ్వు ఎన్ని కిలోలు ఏరారు... "పోయిన ఏడాది మొత్తం ఆదాయం ఎంత అవ్వా?" అన్నప్పుడు మాత్రం చేయి ఆగింది. పెదాలు కదిలించింది, నా వైపు చూసింది, చేతిలో ఆకుల వైపు చూసింది. లెక్క తప్పింది. ఏమీ అనకుండా ఆ ఆకులన్నీ మళ్లీ ఒడిలో పోసుకుని ఒకటి నుంచి మొదలుపెట్టింది. నేను ఆ లెక్క అయ్యేదాకా ఆగి, మళ్లీ అదే ప్రశ్న అడిగాను! ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

మూడోసారి లెక్క తప్పాక ఒక దోసెడు ఆకులు నా ముందు పడేసింది. "అడుగుడైతే అడుగు గని, చేతులు ఖాళీగ ఎందుకు, కట్టు." కట్టాను. గంటలో తొమ్మిదో పదో. వదులుగా ఉన్నాయని ఆమె మనవరాలు అన్నీ విప్పి మళ్లీ కట్టింది. అంటే నా సాయం కూడా వాళ్లకు ఇంకో పని.

సరే, అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ప్రశ్నలయ్యాక కన్సెంట్ ఫారం తీశాను (ముందు తీయాలి, నేను చివర్లో తీశాను, అది ఇంకో తప్పు). చదువు రాదు కాబట్టి వేలిముద్ర చాలన్నాను, బ్యాగులోంచి ఇంకు ప్యాడ్ బయటపెట్టాను. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మా అయ్య గిట్లనే కాయితం మీద ఏలు పెట్టిండు బిడ్డా. ఉప్పు బాకికి. ఐదెకురాలు పోయినయ్."

నేను 1/70 చట్టం చదువుకునే వెళ్లాను. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు, ఇవన్నీ నా రెండో చాప్టర్‌లో ఉన్నాయి, చక్కగా ఫుట్‌నోట్లతో. ఆ చట్టం ఎందుకు అవసరమైందో ఆ రోజు ఆమె వెనక్కి పెట్టుకున్న చేతుల్లో చూశాను. వేలిముద్ర అంటే మనకు అంగీకారం, వాళ్లింట్లో అది భూమి పోయిన గుర్తు. "నీకు ముచ్చట జెప్తి గద, ఇగ గీ కాయితం ఎవలి కోసం?" అంది. నిజమే, ఆ కాగితం ఆమె కోసం కాదు. రేపు యూనివర్సిటీలో ఎవరైనా అడిగితే నన్ను నేను కాపాడుకోవడానికి.

కాగితం మీద సంతకం ఉంటే ఒప్పుకున్నట్టే అనుకుంటే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) టీకా ప్రాజెక్టు నడిచింది, భద్రాచలం వైపు హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు అందులో చాలామంది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో విచారణ వేశారు, మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు లేదని కమిటీ అంది, ఆ వాదనలోకి నేను పోను. నన్ను పట్టుకున్నది ఫారాల సంగతి. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ మొత్తం వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఫైలు తెరిస్తే మాత్రం ఫారాలన్నీ నిండే ఉంటాయి. అదీ నా భయం.

అది వైద్యం, మనది సోషల్ సైన్స్, మనం సూదులు వేయం కదా అని తమ్ముడు అన్నాడు. వేయం. మాటలు తీసుకుంటాం. తీసుకున్నవి ఎక్కడికి పోతాయో చెప్పం. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర హవాసుపాయ్ అనే తెగ ఉంది. 1990లో షుగరు జబ్బు పరిశోధన అని వాళ్ల దగ్గర రక్తం తీసుకున్నారు. అదే రక్తం మీద తర్వాత స్కిజోఫ్రీనియా గురించి, ఆ తెగ పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్నదాని గురించి కూడా పరిశోధనలు చేశారు. మేం ఈ లోయలోనే పుట్టామనేది వాళ్ల నమ్మకం. కేసు వేశారు, 2010లో రాజీ కుదిరింది, మిగిలిన రక్తం నమూనాలు వెనక్కి తెచ్చుకున్నారు. రక్తాన్ని ఫ్రీజర్లోంచి తీసి వెనక్కి ఇవ్వొచ్చు. సెమినార్లో చెప్పేసిన మాటను ఎట్లా ఇస్తాం?

ఇది ఊరికే అడగడం లేదు, నాకు జరిగింది.

కోయవాళ్ల దగ్గర పడిగెలు ఉంటాయి, వంశం కథ అంతా బొమ్మలుగా ఉండే పొడవాటి గుడ్డ, దాన్ని చూపిస్తూ డోలీలు అనే కళాకారులు కథ పాడతారు. అది అలంకారం గుడ్డ కాదు, దేవుడు. ఒక కొలుపు సమయంలో నేను అక్కడ ఉన్నాను, పెద్దమనిషిని ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను, "తీస్కో" అన్నాడు. తీశాను. ఏడాది తర్వాత ఒక సెమినార్లో ఏసీ హాల్లో, టీ కప్పుల చప్పుళ్ల మధ్య, పీపీటీలో పదకొండో స్లైడుగా వేశాను. చివర్లో వెనక బెంచీలోంచి ఒక డిగ్రీ పిల్లాడు లేచాడు, అదే మండలం వాడట. "మేడం, మీరు చెప్పులేసుకుని ఉన్నరు" అన్నాడు. అంతే అన్నాడు, కూర్చున్నాడు.

అనుమతి అడిగాను కదా అని ఆ రాత్రి నాలో నేనే వాదించుకున్నాను. అడిగింది తీసుకోవడానికి. చూపించడానికి అడగలేదు. ఎక్కడ, ఎవరికి, ఏ సందర్భంలో చూపిస్తానో చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడో నాకు తెలియదు, ఆయనకు ఆ అవకాశమే నేను ఇవ్వలేదు. తర్వాత పోయి చెప్పాను. ఆయన కోప్పడలేదు, కాసేపు నేల చూసి, "ఇగ తియ్యకు" అన్నాడు. స్లైడు తీసేశాను, సెమినార్ పుస్తకంలో అచ్చయినదాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయాను.

దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు తామే నియమాలు రాసి పెట్టారు: గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, పని జరిగే పద్ధతి. చదివినప్పుడు అసూయ వేసింది. మన దగ్గర 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో గిరిజన ప్రాంతాల గురించి మంచి మాటలే ఉన్నాయి, పెద్దమనిషి సరేనన్నా మనిషి మనిషినీ విడిగా అడగాల్సిందే అని కూడా ఉంది, కానీ అది ఆరోగ్య పరిశోధన కోసం రాసింది. షెడ్యూల్డ్ ఏరియా పంచాయతీల కోసం తెచ్చిన 1996 పీసా చట్టం గ్రామసభకు విలువ ఇచ్చింది, అందులో రీసెర్చ్ ఊసు లేదు. అయినా సభలో చెప్పుకోవద్దని ఎవరన్నారు? రెండోసారి ఫీల్డుకు పోయినప్పుడు నేను సభలోనే నిలబడి చెప్పాను. అరగంట అనుకున్నది మూడు గంటలు పట్టింది. "నీకు ఉద్యోగం వస్తది, మాకేమొస్తది?" అని ఒకాయన అడిగాడు. బాగా ఆలోచించి, "రోడ్డు రాదు, పట్టా రాదు, నేను రాసింది తెచ్చి చదివి వినిపిస్త" అన్నాను. కొందరు లేచి వెళ్లిపోయారు. పదకొండు ఇళ్లవాళ్లు మాట్లాడబోమన్నారు. నా శాంపుల్ సగానికి పడిపోయింది, గైడ్ దగ్గర తిట్లు తిన్నాను, టెన్షన్‌తో రెండు నెలలు నిద్ర లేదు.

ఇట్లాంటి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు హైమన్‌డార్ఫ్ పేరు తీస్తారు. 1940లో కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చిన మానవశాస్త్రవేత్త, మర్లవాయిలో ఉన్నాడు, అక్కడ బడి పెట్టించాడు, భూములకు పట్టాలు ఇప్పించడంలో పాటుపడ్డాడు. భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో పోతే మర్లవాయిలోనే సమాధి చేశారు, ఆయన సమాధీ పక్కనే. ఇప్పటికీ జనవరి 11న ఊరు వర్ధంతి చేస్తుంది. నేనూ ఒకసారి పోయి చూశాను, కళ్లు చెమర్చాయి, కాదనను. కానీ ఆయన వెనక సర్కారు ఉంది, ఆయన రాస్తే ఉత్తర్వు వచ్చేది. మన రాతకు ఉత్తర్వు రాదు, ఒక్కోసారి నోటీసు వస్తుంది. అదీ మనకు కాదు, వాళ్లకు.

ఊరి పేరు రాయకపోవడం అందుకే. ఆ అడవుల్లో ఛత్తీస్‌గఢ్ గొడవలకు భయపడి వచ్చిన గొత్తికోయల గూడేలున్నాయి. ఇక్కడ వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ లేదు, చేసుకునేది పోడు, గుడిసెలు పీకేసిన సందర్భాలూ ఉన్నాయి. నా మొదటి డ్రాఫ్టులో వాగు పేరు, వాగు దాటాక ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గుడిసెలు, ఎన్నెకరాలు కొట్టారు, అన్నీ ఉన్నాయి, మ్యాపుతో సహా. మంచి డేటా అని మెచ్చుకున్నారు కూడా. థీసిస్ శోధ్‌గంగలోకి (థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే సైటు) ఎక్కితే ఎవరైనా చదువుకోవచ్చు, చదివేవాళ్లందరూ స్కాలర్లే కానక్కర్లేదు. మ్యాపు చించేశాను. ఆ చాప్టర్ బలహీనంగా ఉందని వైవాలో అన్నారు, ఊరుకున్నాను.

పేర్లు కూడా అన్నీ మార్చాను. థీసిస్ అయ్యాక మాట ప్రకారం తీసుకెళ్లాను, అదే చింతచెట్టు కింద, ఈసారి వానాకాలంలో, నాట్లయ్యాక. అవ్వ ముచ్చట ఉన్న పేజీలు తెలుగులో చెప్తుంటే ఆమె మనవరాలు కోయలో చెప్పింది. అవ్వ విని, "గిది నా ముచ్చటే. ఇండ్ల నా పేరున్నదా?" అంది. లేదవ్వా, నీ మేలు కోసమే వేరే పేరు పెట్టినా అన్నాను. "మా అయ్య భూమి ముచ్చట నేను జెప్తే దాన్కి ఎవతి పేరో పెడ్తివా?" అని మనవరాలి వైపు తిరిగి కోయలో ఏదో అంది, ఆ పిల్ల నాకు చెప్పకుండా నవ్వింది.

ఈ పోస్ట్ రాసేముందు ఫోన్ చేసి అడిగాను. అవ్వ రాయమంది. కొడుకు ఫోన్ తీసుకుని, "అక్కా, పోడు పట్టా ఇంక రాలే, జర ఆగు" అన్నాడు. వెనక నుంచి అవ్వ గట్టిగా ఏదో అంటూనే ఉంది, ఈలోపు సిగ్నల్ పోయింది.