‘మొహమాటస్తుణ్ణి’ చివర ఆ ‘ణ్ణి’

మనకు మనం తగిలించుకునే పేర్లకు తెలుగులో ఒక చిక్కుంది. ‘బద్ధకస్తుణ్ణి’, ‘పిరికిదాన్ని’ అన్నప్పుడు ఆ చివరి ‘ణ్ణి’, ‘న్ని’లో ‘నేను’ అతుక్కుపోయి ఉంటుంది. ‘నాకు బద్ధకంగా ఉంది’, ‘నాకు భయమేసింది’ అంటే వచ్చిపోయే సంగతిలా వినిపిస్తుంది. అలాంటి పేరును వదిలించుకునే పని అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

కాగితం మీద ‘నేను’తో మొదలయ్యే 20 వాక్యాలు రాయండి. 1954లో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు వాడిన పద్ధతి ఇది. ముందు ఉద్యోగం, ఊరు, చుట్టరికాలే వస్తాయి. అసలువి తర్వాత బయటపడతాయి, అందుకే పదితో ఆపొద్దు. ఊరూ చుట్టరికమూ కొట్టేయాల్సినవి కావు. డాక్టరు చెప్పిన జబ్బు పేరూ అంతే, దాన్ని ముట్టుకోవద్దు, మందులు మానొద్దు. తీర్పులా ఉన్నదాన్ని ఒక్కటి పట్టుకోండి.

హైదరాబాద్‌లో తరచూ వినబడేది ‘నేను తెలుగు మీడియం’. అది చదివిన బడి సంగతి. హైటెక్ సిటీకి వచ్చేసరికి మనిషికే కొలత అయిపోతుంది, అదే బాధ. ఎక్కడ, ఎవరి ముందు, ఏం చేస్తున్నప్పుడు అని అడిగి మళ్లీ రాయండి: ‘సోమవారం మీటింగులో, మేనేజర్ ముందు, ముందుగా రాసుకోకుండా ఇంగ్లీషులో మాట్లాడాల్సొస్తే నాకు మాట తడబడుతుంది.’ ఇప్పుడు చేయగలిగిన పని కనబడుతుంది: ఆదివారం రాత్రి రెండు వాక్యాలు రాసుకుని నాలుగుసార్లు పైకి చదవడం. తడబడని సందర్భాలు కూడా రెండు రాయండి. పక్క సీటాయనకు కోడ్ వివరించినప్పుడు ఏ భాషలో మాట్లాడారో గుర్తుచేసుకోండి.

చాలామంది జారేది దీని తర్వాతే. ‘నేను గలగలా మాట్లాడేవాణ్ణి’ అని ఎదురు పేరు తగిలించుకుంటారు. మొదటి మీటింగులో నోరు పెగలకపోతే పాత పేరు మరింత గట్టిగా తిరిగొస్తుంది. మనస్తత్వవేత్త జార్జ్ కెల్లీ 1955లో వివరించిన చికిత్సలో తలకిందులైన మనిషిని కాకుండా, కాస్త పక్కకు జరిగిన మనిషిని రాసుకుని, సుమారు 2 వారాలు అలా మెలిగి చూస్తారు. అది వేషమని తెలిసే వేస్తారు కాబట్టి తప్పితే సిగ్గుపడక్కర్లేదు. ‘ప్రతి మీటింగులో ఒక ప్రశ్న అడిగే మనిషి’ చాలు.

ఇంట్లోవాళ్లతోనే కష్టం. పెళ్లిలో పిన్ని ‘మావాడు అసలే ఎవరితోనూ కలవడు’ అంటుంది. వాదనకు దిగితే ఆ పేరు చుట్టూనే అరగంట మాటలు నడుస్తాయి. ‘ఇవాళ అలసిపోయాను పిన్నీ, కాసేపాగి వస్తా’ అనండి. కాసేపాగి నిజంగానే వెళ్లి, బాబాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి.