గడపను తిరగేసి చెక్కాలి

తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదనే పిల్లలకు చిత్రకారిణి జరీనా హష్మీ అచ్చుబొమ్మలు చూపించి, అలాంటివే ఇంట్లో చేయించండి. ఆమె 1937లో అలీగఢ్‌లో పుట్టారు. దేశ విభజన తర్వాత కొన్నేళ్లకు ఇంటివాళ్లు కరాచీ వెళ్లిపోయారు. ఆమె బ్యాంకాక్, పారిస్, టోక్యో తిరిగి న్యూయార్క్ చేరారు. 1999 నాటి ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’లో 36 చెక్క అచ్చులున్నాయి, అంటే చెక్కను ఉలితో చెక్కి, సిరా పూసి కాగితం మీద దింపినవి. ఇల్లు, గడప, భాష, సరిహద్దు... ఒక్కో ఉర్దూ మాటకీ ఒక్కో నల్లటి బొమ్మ. ఒక సెట్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కాగితం మీది పని కాబట్టి అన్నివేళలా గోడ మీద ఉండదు, వాళ్ల వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

జరీనా ముందు మాటల జాబితా రాసుకుని, పాకిస్తాన్‌లో ఒక లేఖకుడితో వాటిని అందంగా రాయించారు. బొమ్మ ఆ తర్వాతే. ఇంట్లో పిల్లలతో చేయించేటప్పుడు కూడా ఈ వరుస తప్పొద్దు. ముందే బొమ్మ గీయమంటే త్రికోణం కప్పూ పొగగొట్టమూ వచ్చేస్తాయి.

ఆరు మాటలు చాలు. మూడు మీవి, మూడు వాళ్లవి. మీరు గడప, అరుగు, చుట్టం అంటే వాళ్లు గరాజ్, మంచు, స్లీపోవర్ (స్నేహితుల ఇంట్లో రాత్రి పడుకోవడం) అంటారు. అవీ తెలుగు లిపిలోనే రాయాలి. ఆరూ మీవే అయితే అది ఇంకో హోంవర్కు. ‘సంస్కృతి’ మాత్రం వద్దు, దానికి గోడా ఉండదు, తలుపూ ఉండదు. చుట్టం పక్కన స్లీపోవర్ పెట్టి చూడండి: ఒకరు చెప్పకుండా దిగుతారు, ఇంకొకరు వారం రోజుల మెసేజ్‌ల తర్వాత వస్తారు. ఇంటికొచ్చినవాళ్ల గురించి పిల్లలతో మాట్లాడ్డానికి ఇదే సందు.

అపార్ట్‌మెంట్ తలుపు కింద అల్యూమినియం పట్టీ చూసి పెరిగిన పిల్లకి గడప ఎలా తెలుస్తుంది? వీడియో కాల్‌లో అడిగించండి: “అమ్మమ్మా, మీ గడప ఎంత ఎత్తుంటుంది? జానెడా, బెత్తెడా?” ఆ కొలతతో, ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తే బొమ్మ తయారు.

తొమ్మిదేళ్లు దాటినవాళ్లకు 4×6 అంగుళాల లినోలియం ముక్క (చెక్కకు బదులు చెక్కే మెత్తటి షీటు), వి ఆకారపు ఉలి ఒకటి, యు ఆకారపుది ఒకటి కావాలి. చిన్నవాళ్లకు ఉలి వద్దు, ఫోమ్ పళ్లెం మీద మొద్దు పెన్సిల్‌తో నొక్కితే చాలు, అక్కడ నొక్కిన గీత తెల్లగా పడుతుంది. చలికాలంలో లినోలియం బిగుసుకుని ఉలి జారుతుంది. వేడినీళ్ల సంచి మీద ఐదు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. ముక్కను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

నల్లగా కావాల్సింది వదిలి, చుట్టూ ఉన్నది తీసేయాలి. పిల్లలు తడబడేది ఇక్కడే. జరీనా 2001లో చేసిన ‘డివైడింగ్ లైన్’ చూపిస్తే వెంటనే పట్టుకుంటారు. భారత్–పాకిస్తాన్ సరిహద్దు గీతను ఆమె చెక్కలేదు, దాని చుట్టూ ఉన్నదంతా చెక్కేశారు.

అచ్చు వేస్తే ఎడమ కుడి అవుతుంది, కాబట్టి లినోలియం మీద అక్షరాలు తిరగబడాలి. ట్రేసింగ్ కాగితం మీద 4బి (మెత్తటి, నల్లటి) పెన్సిల్‌తో మామూలుగా రాసి, బోర్లించి రుద్దితే లినోలియం మీద తలకిందులు కాకుండా, అద్దంలో కనబడే తీరున దిగుతుంది. సరిగా దిగిందో లేదో సెల్ఫీ కెమెరా ముందు పెట్టి చూడండి. తెర మీద చదవగలిగితే సరే.

తెలుగుకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ‘ప’. తలకట్టుకీ కిందిభాగానికీ మధ్య సందు కనీసం రెండు మిల్లీమీటర్లు లేకపోతే, సిరా నిండి గడప కాస్తా ‘గడవ’ అవుతుంది. ‘చుట్టం’లో సున్నా నల్లచుక్కగా మిగులుతుంది. ట వత్తుకి కింద చోటు వదలడం మర్చిపోతారు. అందుకే అక్షరం అంగుళం ఎత్తుకి తగ్గకూడదు.

నీళ్లతో కడిగితే పోయే అచ్చు సిరా అర చెంచా చాలు, దాన్ని రోలర్‌తో పరిచి లినోలియం మీద పూయాలి. రోలర్ కింద సన్నగా ‘స్స్’మంటే సరిపోయినట్టు, చప్‌చప్ మంటే ఎక్కువైనట్టు. హీటర్ వేసిన ఇంట్లో సిరా త్వరగా ఆరిపోతుంది, కాబట్టి కాగితాలు ముందే కోసి పెట్టుకోండి. సిరా పూసిన ముక్క మీద పల్చటి మల్బరీ కాగితం (మల్బరీ చెట్టు నారతో చేసేది) పరిచి, చెక్క గరిటె వెనకవైపుతో మధ్య నుంచి అంచులకు రుద్దాలి. ఒక మూల ఎత్తి చూశాకే తీయాలి. మొదటి రెండూ ఎలాగూ పాలిపోయి వస్తాయి.

అచ్చు కింద ఎడమపక్క పెన్సిల్‌తో 1/5, 2/5 (ఐదు ప్రతుల్లో మొదటిది, రెండోది) అని వేయించండి. కుడిపక్క తెలుగులో సంతకం. బొమ్మల కొలువు పేరంటానికి వచ్చినవాళ్లకు తాంబూలంతో పాటు ఒకటి ఇవ్వొచ్చు. కానీ రెండు రోజులు ఆరనివ్వండి, ఆరాక కూడా పసుపు తడి చేతులు తగలనివ్వకండి, ఈ సిరా అలుక్కుపోతుంది.