అలర్జీ కాదు, మేము తినము

డాలస్ శివార్లలో పిల్లల సాకర్ పోటీలు ముగిసిన రోజున జట్టంతా తల్లిదండ్రులతో సహా కలిసి భోజనం చేయడం ఆనవాయితీ. ఏ ఊరికి వెళ్లినా అదే పేరు, అదే మెనూ, అవే సీట్లు కనిపించే చెయిన్ రెస్టారెంట్లలో ఒకదాన్ని కోచ్ ఎంచుకుంటారు. పెద్ద బల్లలు దొరుకుతాయి, పిల్లల భోజనం చవక, అల్లరి చేసినా ఎవరూ విసుక్కోరు. ఈసారి మా అబ్బాయి జట్టుతో వెళ్లినప్పుడు తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య కూడా మాతో ఉన్నారు. మాది శాకాహార కుటుంబం. ఆ పూట భోజనం చప్పగా ఉండటం, చల్లారిపోయి ఉండటం నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. కానీ అక్కడ జరిగినదంతా గమనించిన మా పదకొండేళ్ల అమ్మాయి, కారెక్కాక అడిగిన మాట మాత్రం నన్ను వదలడం లేదు.

మెనూలో మేము తినగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: టొమాటో సూప్, చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్, బేకన్ లేకుండా చేయించుకుంటే కాల్చిన బంగాళాదుంప, ఫ్రైస్. కాలేజీలో చదువుకుంటున్నట్టు కనిపించిన సర్వర్ అమ్మాయిని సూప్ దేనితో కాస్తారని అడిగాను. అది టొమాటో సూపే అంది. లోపల కనుక్కుని చెప్పమంటే వెళ్లి వచ్చి, కాస్త చికెన్ బేస్ కలుస్తుందే తప్ప మాంసం ముక్కలు ఉండవని నచ్చజెప్పబోయింది. ఫ్రైస్ వేపే నూనెలోనే కోడిమాంసమూ వేపుతారని కూడా అప్పుడే తెలిసింది. చివరకు అత్తయ్యకు బంగాళాదుంప చెప్పి, దాని మీద బేకన్ వేయవద్దని మరీ మరీ చెప్పాము.

వచ్చిన దుంపను నిలువునా చీల్చి, మీద పసుపుపచ్చని చీజ్ కరిగించి పోశారు. ఆ చీజ్‌లో ముదురు ఎరుపు పలుకులు కొన్ని మునిగి, కొన్ని పైకి తేలి ఉన్నాయి. ఎండుమిరపకాయ పలుకులనుకుని అత్తయ్య ఫోర్కు దించబోతుంటే మా అమ్మాయి "నానమ్మా, ఆగు" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏమిటే అది?" అని ఆవిడ అడిగితే, "పంది మాంసం నానమ్మా" అని చెవిలో చెప్పింది. సర్వర్ వచ్చి చూసి, వాటిని ఏరి తెచ్చి ఇస్తానంది. కొత్త పళ్లెం తెమ్మని మా వారు అనబోతుంటే అత్తయ్యే వద్దన్నారు. "నాకు ఆకలిగా లేదులే అమ్మాయ్, పిల్లల్ని తిననివ్వు" అన్నారు. పొద్దున ఆటకు బయలుదేరేటప్పుడు తాగిన కాఫీ తప్ప ఆవిడ ఏమీ తీసుకోలేదు.

అదే బల్లకు రెండో చివర వేరుశనగ అలర్జీ ఉన్న ఒక అబ్బాయి తన తల్లితో కూర్చున్నాడు. ఆవిడ నోట అలర్జీ అన్న మాట రాగానే సర్వర్ రాయడం ఆపేసింది. మేనేజరు వచ్చారు. ఏ వంటకంలో ఏమేమి ఉంటాయో రాసి ఉన్న పుస్తకం తెరిచి, ఆవిడతో కలిసి ఒక్కొక్కటే చూశారు. వేరే పెనం మీద చేయిస్తామని మాట ఇచ్చి, ఆ పళ్లెం స్వయంగా తెచ్చి అబ్బాయి ముందు పెట్టారు. అలా చేయవలసిందే. ఆ పిల్లవాడికి అది ప్రాణాల మీదికి వచ్చే విషయం, ఆ శ్రద్ధలో రవ్వంత తగ్గినా నేను ఒప్పుకోను. అయితే బల్లకు ఆ చివర జరిగినదీ, ఈ చివర జరిగినదీ మా అమ్మాయి రెండూ చూసింది.

"అమ్మా, ఇకనుంచి మనకు కూడా అలర్జీ అని చెప్పేద్దాం. అప్పుడు వాళ్లు వింటారు. ఎందుకు తినరని కూడా ఎవరూ అడగరు" అంది కారులో.

ఈ ఉపాయం దానికి కొత్తగా తట్టిందేమీ కాదు. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఈ మాట చెప్పి పని జరుపుకుంటారు, జరుగుతుంది కూడా. ఎందుకు జరుగుతుందో ముందు అమ్మాయికి వివరించాను. ఈ దేశంలో 2004లో వచ్చిన చట్టం ప్రకారం ప్యాకెట్లలో అమ్మే ఆహారం మీద పాలు, గుడ్లు, వేరుశనగ వంటి ముఖ్యమైన అలర్జీ కారకాల పేర్లు తప్పనిసరిగా వేయాలి. 2023 జనవరి నుంచి నువ్వులు కూడా చేరి అవి మొత్తం తొమ్మిదయ్యాయి. 20 లేదా అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు 2018 మే నుంచి మెనూలో కేలరీలు కూడా చూపించాలి. అందుకే మేము తినలేకపోయిన ఆ సూపులో ఎన్ని కేలరీలున్నాయో మెనూలో ఉంది, దాన్ని కోడిమాంసం కాచిన నీటితో చేశారన్నది మాత్రం లేదు. తెనాలిలో బిస్కట్ ప్యాకెట్టు కొనే చదువురాని ముసలమ్మ కూడా పచ్చచుక్క చూసి సంచిలో వేసుకోగలదు. ఇక్కడ అటువంటి గుర్తు పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. చట్టం అడగనిది వంటింట్లో నేర్పరు, నేర్పనిది ఆ సర్వర్ అమ్మాయికి తెలియదు.

అయినా అబద్ధం చెప్పడానికి నేను ఒప్పుకోలేదు. లేని అలర్జీ చెప్పి వంటింటి చేత పెనాలు కడిగించి, కాసేపటికి పక్కవారి పళ్లెంలోంచి పిల్లలు ఏదో తీసుకుని తింటుంటే, అది చూసిన వంటవారు రేపు నిజంగా అలర్జీ ఉన్న పిల్లవాడి మాట కూడా తేలిగ్గా తీసుకుంటారు. ఇది ఒక కారణం. నాకు ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. నానమ్మ పాటించే ఆచారానికి ఒక జబ్బు పేరు పెడితే తప్ప మర్యాద దక్కదని పదకొండేళ్ల పిల్ల మనసులో నాటుకుంటే, ఆ ఆచారాన్ని అది ఎంతకాలం నిలుపుకుంటుంది? పెద్దయ్యాక మాంసం తినాలో వద్దో అది తనే ఆలోచించి తేల్చుకోవచ్చు. కానీ సిగ్గుపడి మాత్రం వదిలేయకూడదు.

మనవాళ్లు ఈ విషయంలో నోరు విప్పిన సందర్భం ఒకటి ఉందని ఆ రాత్రి అమ్మాయికి చెప్పాను. తమ ఫ్రైస్‌ను ఇకపై వెజిటబుల్ ఆయిల్‌లోనే వేపుతామని 1990లో మెక్‌డొనాల్డ్స్ ప్రకటిస్తే, ఇక్కడి హిందువులెందరో నమ్మి ఏళ్ల తరబడి తిన్నారు. వాటికి గొడ్డుమాంసం నుంచి తీసిన రుచి కలుపుతున్నారన్న సంగతి తరువాత బయటపడింది. సియాటిల్ న్యాయవాది హరీష్ భార్తి 2001లో దావా వేశారు. సంస్థ క్షమాపణ చెప్పి, 2002లో హిందూ, శాకాహార, తదితర సంస్థలకు కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. "ఇప్పుడు కలపడం మానేశారా?" అని అడిగింది అమ్మాయి. అమెరికాలో మానలేదు, కాని ఏమేమి కలుపుతారో చెప్పే జాబితాలో ఇప్పుడు ఆ మాట కనబడేలా రాస్తున్నారు. ఆనాడు ఫిర్యాదు చేసినవారు తమకు ఒంట్లో బాగుండదని చెప్పలేదు. మేము తినము, మీరు చెప్పకుండా తినిపించారు అన్నారు, అంతే.

ఇప్పుడు బయట తినవలసి వస్తే అడిగే పని అమ్మాయిదే. శాకాహారమా అని మాత్రం అడిగితే చాలాచోట్ల తడుముకోకుండా అవునంటారు కాబట్టి, ఆ ప్రశ్నతో ఆగకూడదని నేర్పుతున్నాను. అన్నం ఏ నీళ్లతో ఉడికించారు? రీఫ్రైడ్ బీన్స్‌లో పందికొవ్వు వేశారా? సీజర్ సలాడ్ మీద పోసేదానిలో చేపలున్నాయా? మార్ష్‌మాలోలో ఉండే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుందని బడిలో వాటిని పంచిపెట్టినప్పుడే తెలుసుకుంది. మాంసాహారులైన తెలుగు కుటుంబాలకు ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. కోడి, చేప తిన్నా గొడ్డుమాంసం ముట్టనివారూ, శనివారం తిననివారూ, కార్తీకమాసమంతా మానేసేవారూ మా వీధిలోనే ఉన్నారు. వారి పిల్లలకూ ఈ ప్రశ్నలు కావాలి.

అడిగే పద్ధతి కూడా నేర్పవలసి ఉంటుంది. ఆ పూట బిల్లు కట్టేటప్పుడు, నానమ్మ ఏమీ తినకుండానే లేస్తే టిప్పు ఎందుకివ్వాలని అమ్మాయి వాళ్ల నాన్నను నిలదీసింది. టిప్పులు వచ్చే పనివారికి యజమాని ఇవ్వవలసిన కనీస కూలి, కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే, అది 1991 నుంచి మారలేదు, టెక్సస్‌లోనూ అంతే. బంగాళాదుంప మీద బేకన్ చల్లింది ఆ సర్వర్ కాదు. మా వారు ఎప్పటిలాగే పూర్తి టిప్పు ఇచ్చారు. ఆర్డరులో జరిగిన పొరపాటు గురించి మేనేజరుతో మాట్లాడారు, దుంప ఖరీదు తీసేశారు.

ఆ మరుసటి వారం జట్టులోని తల్లులం కొందరం మాట్లాడుకున్నాము. హలాల్ మాంసం తప్ప తినని పాకిస్తానీ కుటుంబం ఆ రోజు పిల్లలకు చీజ్ బ్రెడ్డుతో సరిపెట్టిందట. దుంపలు కూడా తినని గుజరాతీ జైనులు ఇంట్లో తినేసి వచ్చారట. అందరూ ఎవరికి వారు సర్దుకున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరెవరు ఏమి తినరో మా అమ్మాయి ఒక జాబితాగా టైపు చేసింది, దాన్ని టీమ్ మేనేజరుకు పంపాము. వసంతకాలపు ఆటలయ్యాక, బీన్స్, అన్నం, కూరగాయలు విడివిడిగా పెట్టి మన కళ్లెదుటే గిన్నెలో వేసి ఇచ్చే చోటికి వెళదామని ఆవిడ జవాబిచ్చారు. వేరుశనగ అలర్జీ ఉన్న అబ్బాయి తల్లి కూడా అక్కడి వంటకాల వివరాలు చూసుకుని, తమకు సమ్మతమేనని అందరికీ తెలియజేశారు.