మెడలో నీటి గడ్డ: సూది కంటే ముందు ఎమ్మారై

నాకు వచ్చింది లింఫాంజియోమా. శోషరసం (లింఫ్) పారే నాళాలు పుట్టుకలోనే సరిగ్గా కలవక, అందులోని నీరు పోయే దారిలేక తిత్తులుగా ఉబ్బితే వచ్చే గడ్డ ఇది. క్యాన్సర్ కాదు, ఒంట్లో ఇంకోచోటికి పాకదు. ఎక్కువగా రెండేళ్ల లోపు పిల్లల్లో, మెడలోనో చంకలోనో బయటపడుతుంది. పెద్దవాళ్లలో అరుదు. అందుకే పెద్దవాళ్ల మెడలో గడ్డ కనిపిస్తే డాక్టర్లు ముందు టీబీని, క్యాన్సర్‌ని అనుమానిస్తారు. అలా అనుమానించడమే సరైంది. ఆ రెండూ కాదని తేలాకే మన గడ్డకు ఈ పేరు పెట్టాలి.

నాది మెడ ఎడమ పక్కన, కాలర్ ఎముకకు కాస్త పైన, మెడ పక్క కండరానికి వెనక. నొప్పి లేదు. నొక్కితే మెత్తగా అణిగేది, వదిలితే మళ్లీ లేచేది. జలుబు చేసినప్పుడు ఉబ్బి, అది తగ్గాక కొంత దిగేది. ఇలా పెరిగి తగ్గడం ఉంటే డాక్టరుకు అడక్కపోయినా చెప్పండి, అది గట్టి ఆనవాలు. గడ్డ ఎక్కడుందన్నదీ చాలా చెబుతుంది. మెడ మధ్యలో ఉండి, నాలుక బయటికి చాపితే పైకి కదిలేది థైరోగ్లాసల్ తిత్తి. దవడ మూలకు కింద, అదే కండరం ముందు అంచున ఉండేది చాలాసార్లు బ్రాంకియల్ తిత్తి అవుతుంది. ఉన్నట్టుండి గట్టిపడి నొప్పితో పెరిగితే లోపల రక్తం కారి ఉండొచ్చు. ఎర్రబడి జ్వరం వస్తే చీము పట్టిందేమో చూడాలి. ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మొదటి పరీక్ష అల్ట్రాసౌండ్. తెరమీద నల్లటి గదులు, వాటి మధ్య సన్నటి తెల్ల గోడలు కనిపిస్తాయి. రక్తం పారడాన్ని రంగుల్లో చూపే డాప్లర్ పెడితే గదుల్లో రంగు పడదు, గోడల్లో మాత్రం అక్కడక్కడా చుక్కలు మెరుస్తాయి. గది లోపలే రక్తం పారుతుంటే అది వేరే జబ్బు. నల్లటి నీటిలో బూడిదరంగు మడ్డి తేలుతున్నా, ఒకే గదిలో రెండు పొరలుగా నిలిచినా పాత రక్తం గానీ చీము గానీ ఉన్నట్టు. రిపోర్టులో గోడల మందం, గట్టి భాగం ఉందా లేదా, చుట్టూ లింఫ్ గ్రంథులు ఎలా ఉన్నాయి, థైరాయిడ్ ఎలా ఉంది, ఈ నాలుగూ రాసి ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోవాలి.

అల్ట్రాసౌండ్‌లో గడ్డ అడుగు అందదు. కాలర్ ఎముక వెనక ఛాతీలోకి దిగిందా, పెద్ద రక్తనాళాలను చుట్టుకుందా అన్నది ఎమ్మారైలోనే తేలుతుంది. దవడ నుంచి ఛాతీ పైభాగం దాకా తీయమని, కొవ్వును అణిచే టీ2 రకం చిత్రాలూ, సిరలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ చిత్రాలూ ఉండాలని రాయించుకోండి. టీ2లో నీరు తెల్లగా వెలుగుతుంది. ఆ కాంట్రాస్ట్ మందు, అంటే గాడోలినియం ఎక్కించాక గోడలే మెరుస్తాయి, లోపలి నీరు మెరవదు. సిరల గడ్డ అయితే లోపలంతా నెమ్మదిగా నిండుతుంది. కాంట్రాస్ట్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు, కాబట్టి ఆ రిపోర్టు చేత్తో పట్టుకెళ్తే అక్కడ పని ఆగదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ వరుస గురించే. నీటి గడ్డ అనగానే సూది గుచ్చి లాగేస్తామంటారు. అలా గుచ్చినప్పుడు లోపల రక్తం కారితే ఆ తర్వాత తీసిన ఎమ్మారైలో మామూలుగా నీరు నల్లగా కనిపించే టీ1 రకం చిత్రం కూడా తెల్లబడుతుంది, గోడలు మందంగా కనిపిస్తాయి, మామూలు తిత్తి కాస్తా అనుమానపు గడ్డ అవుతుంది. లాగిన నీరు ఎలాగూ మళ్లీ ఊరుతుంది. అందుకని అత్యవసరం కాకపోతే ముందు ఎమ్మారై, ఆ తర్వాతే అల్ట్రాసౌండ్ చూస్తూ సన్న సూది.

వచ్చిన నీటిని పారేయనివ్వకండి. సాధారణంగా అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. పాలలా ఉంటే ట్రైగ్లిజరైడ్స్ చేయించాలి. డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటితే కైల్, అంటే పేగుల నుంచి వచ్చే కొవ్వు కలిసిన శోషరసం, ఉందని అర్థం. దాంతోపాటు కణాల పరీక్ష, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్, థైరాయిడ్ తయారుచేసే ప్రోటీన్ థైరోగ్లోబులిన్ పరీక్షలకూ పంపాలి. థైరాయిడ్ క్యాన్సర్ మెడ గ్రంథిలోకి చేరి అచ్చం నీటి తిత్తిలా కనిపించగలదు, ఆ నీటిలో థైరోగ్లోబులిన్ బాగా ఎక్కువగా ఉంటుంది. గొంతు క్యాన్సర్ కూడా ఇలా కనిపించగలదు కాబట్టి నలభై దాటినవాళ్లకు టాన్సిళ్లనూ, నాలుక వెనక భాగాన్నీ ఎండోస్కోపీతో చూడటం తప్పనిసరి. రిపోర్టులో ‘లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మాత్రమే’ అని వస్తే పరీక్ష వృథా అయిందని కాదు, క్యాన్సర్ లేదని తేలిపోయిందనీ కాదు. ఆ మాటను ఎమ్మారైతో కలిపి చదవాలి. గోడలో గట్టి భాగం ఉంటే అక్కడినుంచే ముక్క తీయాలి. ఆపరేషన్ చేసి తీసిన గడ్డ అయితే డీ2-40 రంగు పరీక్షలో గోడ లోపలి పొర శోషరస నాళానిదేనని తేలుతుంది.

తిత్తులు పెద్దవైతే నీరు లాగి బ్లియోమైసిన్ గానీ డాక్సీసైక్లిన్ గానీ మందును లోపలికి ఎక్కించి గోడలు అతుక్కునేలా చేస్తారు. నాకు బ్లియోమైసిన్ ఎక్కించారు. మొదటి రోజుల్లో గడ్డ ముందుకంటే ఉబ్బింది, కాస్త జ్వరం వచ్చింది. చాలామందికి ఇలాగే అవుతుంది. అసలు ఫలితం వారాల మీద తెలుస్తుంది. ఒక్క విడతతో పోకపోతే కొన్ని వారాలు ఆగి మళ్లీ ఎక్కిస్తారు. నాకు అలాగే విడతల మీద తగ్గింది. ఇప్పుడు అక్కడ తడిమితే చిన్న గట్టి పట్టీ తగులుతుంది, అల్ట్రాసౌండ్‌లో నీటి గదులు లేవు. చిన్న చిన్న గదులతో నిండిన రకానికి మాత్రం ఇది అంతగా పనిచేయదు. అలాంటివాళ్లకు సిరోలిమస్ మాత్రలో, ఆపరేషనో ఆలోచిస్తారు. ఆపరేషన్‌లో భుజం ఎత్తే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి దాని గురించి ముందే అడగాలి.

బ్లియోమైసిన్ విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. ఈసీజీ పట్టీలు, ప్లాస్టర్లు పీకిన చోట చర్మంపై నల్లటి మచ్చలు నిలిచిపోవచ్చు. అందుకని అవి తక్కువగా, మెల్లగా ఊడివచ్చే రకం వాడమని అడగాలి, ఒళ్లు గోక్కోకూడదు. రెండోది, ఈ మందు ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. ప్రతి విడతలో ఎన్ని మిల్లీగ్రాములు ఎక్కించారో రాసిన కాగితం దాచుకుని, తర్వాత ఎప్పుడు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే అప్పుడు ఇచ్చే ఆక్సిజన్ మోతాదును వాళ్లు దాన్నిబట్టి తగ్గించుకుంటారు.